మగ్గం కొయ్య మీద వెల్లుల్లి

పెద్ద వరద వచ్చాక ముప్పై ఒకటో ఏడు అది. మా వైపు ఏ సంగతికైనా ఆ వరద నుంచే లెక్క. ఆ ఏడు పంట పండగ వెళ్ళిన పదో రోజున మా ఆవిడ నాతో కూర్చుని తినడం మానేసింది.

మూడో రోజు పొద్దున కూడా మా కోడలు మ్యోంగ్ జు రెండు భోజనపు పీటలు సర్దింది. ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. రెండోది ఎత్తుకుని పెరట్లో మగ్గం గుడిసె వైపు నడిచింది.

"ఇక్కడే పెట్టు," అన్నాను.

"ఇక్కడ పెడితే అత్తయ్య రారు."

"ఆకలేస్తే అదే వస్తుంది."

"ఆవిడేం పిల్లి కాదు మావయ్యా."

వెళ్ళింది. నేను చెంచా పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఖాళీ చేతులతో తిరిగి వచ్చింది.

"తిన్నదా?"

"సోయా పులుసు రెండు గుక్కలు తాగారు. అన్నం కదపలేదు." చేతులను ప్యాంటుకే తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. "మూడు రోజులైంది. ఒక్క మాట అనొచ్చుగా మీరు."

"ఏమనాలి?"

"అది కూడా నేనే చెప్పాలా? మీ అబ్బాయీ ఇంతే. నడి సముద్రంలోంచి ఫోన్ చేస్తాడు. 'ఊఁ' అంటాడు. పెట్టేస్తాడు. ఆ 'ఊఁ' కోసం అంత దూరం నుంచి ఫోన్ దేనికండీ?"

మా వాడు చేపల ఓడ మీద పని చేస్తాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. నేను ముల్లంగి కిమ్చి ముక్క కొరికాను. ఆ చప్పుడు ఇల్లంతా వినిపించింది.

జరిగినదేమిటో ఊరంతటికీ తెలుసు. నేనూ దాచను.

మా ఊరి ఆడవాళ్ళు మోసి అనే మొక్క నారతో బట్ట నేస్తారు. ఆ నారకు తడి గాలి కావాలి. గాలి ఆరిందా, పడుగు పోగు పుటుక్కున తెగుతుంది. అందుకే మగ్గం గుడిసెను సగం నేలలోకి తవ్వి కడతాం. మా ఊళ్ళో అయిదేళ్ళ పిల్లకు కూడా ఇది తెలుసు. నాకు తెలియదా?

కానీ ఆమె మోకాళ్ళు చూశాను. ఆ తేమలో కూర్చుని కూర్చుని వాచిపోయాయి. లేవాలంటే గోడ పట్టుకోవాలి. పట్టుకుని, అక్కడే కాసేపు నిలబడిపోతుంది. ఒక రోజు తెల్లవారుతూనే నూనె పొయ్యి మోసుకెళ్ళి ఆ గుడిసెలో వెలిగించాను. గాలి ఆరకుండా దాని మీద కెటిల్ నిండా నీళ్ళు పెట్టాను. వెచ్చగానూ ఉంటుంది, తడిగానూ ఉంటుంది అనుకున్నాను. తలుపు దగ్గరగా వేసి మిరప తోటకు వెళ్ళిపోయాను.

ఆమె ఆ పూట నేతకు కూర్చోదని నాకు తెలియదు. అడగలేదు. పాత బడిలో ఆడవాళ్ళ తరగతికి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి కెటిల్లో చుక్క లేదు, అడుగు ఎర్రగా కాలి ఉంది. పడుగులో సగానికి పైగా పోగులు తెగి వేలాడుతున్నాయి.

ఆ పడుగు ఆమె ఒక్కదానిదీ కాదు. అయిదుగురు ఆడవాళ్ళది. చలికాలమంతా పళ్ళతో నార చీల్చారు, పెదాలు తెగి నెత్తురు కారినా ఆపలేదు. ఒక్కొక్క పోగునూ తొడ మీద పేని అతికారు. ఇన్నేళ్ళూ సంతలో దళారి చేతికి అందించి వచ్చేవాళ్ళు. ఈసారి తమ పేరుతో, తమ చేత్తో జొంజు పట్నంలో బట్టలు కుట్టే ఆవిడకు నేరుగా పంపుతామని మాట ఇచ్చారు. మొదటి మంచు పడేలోగా. నేత బాగా వచ్చినది మా ఆవిడకని ఆ పడుగును ఆమె మగ్గం మీదికి ఎక్కించారు.

తెగిన పోగులు మళ్ళీ అతకొచ్చు. అతికి, నేసి దించడానికి ఒక నెల పడుతుంది. ఆ నెల ఆమె ఎక్కడ కూర్చుని అతుకుతుంది అన్నదే మా ఇంట్లో మిగిలిన సంగతి.

*

పక్కింటి నోల్మే ఆవిడ, ఆ అయిదుగురిలో ఒకతె, గేటు తీస్తూనే మొదలుపెట్టింది. పుట్టింటి ఊరు నోల్మే, అందుకని ఆ పిలుపు. మా ఆవిడను అక్కా అంటుంది కాబట్టి నన్ను ఆట పట్టించడానికి తనకు హక్కుందనుకుంటుంది.

"బావగారూ, ఆ నూనె పొయ్యి ఇస్తారా? మా ఇంట్లో మిరపకాయలు ఎండట్లేదు."

నేను గంపకు అల్లిక వేస్తున్నాను. వేస్తూనే ఉన్నాను.

"అదిగో, నోరు మూసుకున్నాడు. మా ఇంట్లో తుప్పు పట్టిన గంట కూడా కొడితే మోగుతుంది బావా."

నవ్వుకుంటూ గుడిసె దాకా వెళ్ళి తలుపు ముందు గొంతుకూర్చుంది. లోపల మా ఆవిడ. మధ్యలో పెరడు, జాడీల వరుస, నేను. నేను అక్కడ లేనట్టే మాట్లాడుకున్నారు.

"అక్కా, మగ్గానికి బండి రేపు పొద్దున్నే వస్తుంది. బడి కింది గది కడిగేశాం. ఎంత తడిగా ఉందంటే కప్పక్కూడా జలుబు చేస్తుంది."

"పరుపు?"

"నా దగ్గర ఇంకోటి ఉంది. నీ దుప్పటి తెచ్చుకో చాలు."

"సరే."

"మన వాళ్ళు అడుగుతున్నారు, ఎన్నాళ్ళు ఉంటావని."

లోపల చాప కదిలిన చప్పుడు వచ్చింది.

"బట్ట మగ్గం దిగేదాకా."

"ఆ తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

నోల్మే ఆవిడకు నవ్వు ఆగిపోయింది. ఒకసారి తల తిప్పి నా వైపు చూసింది. గొంతు తగ్గించింది, అయినా వినబడింది.

"మగ్గం పోతే ఈ గుడిసె ఖాళీగా ఉంటుంది కదక్కా."

"ఉండదులే. పెట్టడానికి ఆ మనిషికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది."

నా చేతిలో వెదురు బద్ద విరిగింది.

*

మధ్యాహ్నం కుళాయి దగ్గర అత్తాకోడళ్ళకు మాట పెరిగింది. మా ఆవిడ చాప తడిపి ఉతుకుతోంది, రేపు తీసుకెళ్ళడానికి. మ్యోంగ్ జు కుళాయి కట్టేసింది.

"ఇప్పుడు చెప్పండి అత్తయ్యా. మీరు మగ్గం ఎత్తుకుపోతే ఊళ్ళో ఎవరినంటారు? మిమ్మల్నా? కోడలు వెళ్ళగొట్టిందంటారు."

"అంటే అననీ. నువ్వు నవ్వి ఊరుకో."

"నాకు నవ్వు రాదు."

"నీళ్ళు వదులు."

"వదలను. ఆ మంట బడిలో మీకు నేర్పారుగా, కోపమొస్తే గిన్నెలు విసరకుండా నోటితో చెప్పాలని. నేనూ చెబుతున్నా. నాకు కోపంగా ఉంది."

మా వైపు ఆడవాళ్ళకు ఒక జబ్బు ఉంది. మంట జబ్బు అంటారు. ఏళ్ళ తరబడి మింగిన మాట గుండెలో ముద్దలా ఆగి, రొమ్ము మీద నిప్పు పెట్టినట్టు ఉంటుందట. మా ఆవిడకు పదిహేనేళ్ళుగా ఉంది. వేర్ల కషాయాలు తాగించాను. మూతపడిన మా ఊరి బడిలో పే టీచరు అనే ఆవిడ వారానికి రెండు రోజులు వచ్చి పెట్టిన తరగతి ఆ జబ్బు గురించే మొదలైంది. నేత అమ్ముకునే ఆలోచన ఆ తర్వాత అక్కడే పుట్టింది. మగవాళ్ళం మేం బియ్యపు కల్లు దగ్గర కూర్చుని దానికి మంట బడి అని పేరు పెట్టాం. ఆ పేరు పెట్టింది నేనే. మాట్లాడనివాడు ఒక్క మాట అంటే అది ఊరంతా పాకుతుంది.

మా ఆవిడ చాప వదిలి లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఎందుకే కోపం?"

"ఈ ఇంట్లో నోరున్న మనుషులం మనిద్దరమే. మీరూ పోతే నేను జాడీలతో మాట్లాడుకోవాలి."

"నేను పోతే మాట్లాడే మనిషి ఉండదని నీకు కోపం."

"అవును."

"ఒక్కదానివీ మిగిలిపోతావని."

"అవును!" అంది మ్యోంగ్ జు. అనగానే దాని గొంతు మెత్తబడింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని కుళాయి వదిలింది.

విన్నది తిరిగి చెప్పడం. వాళ్ళ బడిలో నేర్పే పాఠం అదేనట. చిలక పని అనుకునేవాణ్ణి.

"నువ్వూ వచ్చెయ్యి," అంది మా ఆవిడ చాప పిండుతూ. "బట్ట అమ్మకం ఫోన్లు చూసుకునేది నువ్వేగా. అక్కణ్ణుంచే చూసుకో."

"నేనూ వస్తే మావయ్యకు అన్నం?"

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"చేతులున్నాయిగా," అంది మా ఆవిడ. మూడు రోజుల్లో నా గురించి నా ముఖం చూసి అన్న మొదటి మాట అది.

*

ఎండ వాలుతుండగా పే టీచరు స్కూటర్ మీద వచ్చింది. నలభై దాటి ఉంటుంది. హెల్మెట్ తీసి గేటు దగ్గర నిలబడి, "సమ్రే గారున్నారా?" అని అడిగింది.

అలాంటి వాళ్ళెవరూ ఇక్కడ లేరని చెప్పబోయాను. తర్వాత గుర్తొచ్చింది, అది మా ఆవిడ పేరని.

మా ఆవిడ గుడిసెలోంచి వచ్చి పెరట్లో చెక్క బల్ల మీద ఒక చివర కూర్చుంది. టీచరు నన్ను రెండో చివర కూర్చోమంది. మధ్యలో తను.

"బాబాయ్ గారూ, ఇది అందరి ఇళ్ళలోనూ చేయిస్తున్నాం. సమ్రే గారి ఇల్లే మిగిలింది. మూడుసార్లు అడిగితే ఆవిడ వద్దన్నారు. ఇవాళ రమ్మన్నారు."

నేను ఆమెను చూశాను. ఆమె పండ్లు మాగుతున్న పెరటి చెట్టును చూస్తోంది.

టీచరు సంచిలోంచి నాడె, పడుగులో అడ్డంగా పేక పోగు దూర్చే చిన్న కొయ్య పడవ, తీసి బల్ల మీద పెట్టింది. "ఇది చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి. ముందు ఆవిడ. మీరు వినండి. తర్వాత మీరు తీసుకుని, విన్నది మాత్రం తిరిగి చెప్పండి. జవాబు చెప్పకూడదు. అంతే."

గోడ అవతల ఎవరో దగ్గారు. నోల్మే ఆవిడ అని అందరికీ తెలుసు.

మా ఆవిడ నాడె తీసుకుంది. ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో దాని ముక్కు రాస్తూ కూర్చుంది. పొయ్యి సంగతి ఎత్తుతుందని చూశాను. దానికి నా దగ్గర మాట సిద్ధంగా ఉంది. నీ మోకాళ్ళ కోసమే అందామనుకున్నాను.

"వరద రోజు," అంది.

నా సిద్ధమైన మాట ఎందుకూ పనికి రాలేదు.

"గట్టు తెగిందని సైరన్ మోగింది. ఇంటి వెనక గోడ ఉబ్బుతోంది. పిల్లాడు లోపల జ్వరంతో పడి ఉన్నాడు. నువ్వు వానలోంచి పరిగెత్తుకుంటూ గుడిసె దగ్గరకొచ్చావు. అందులో మా అమ్మ మగ్గం. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా భుజం రాసుకుంటూ లోపలికి దూరావు. గొడ్డలి తిరగేసి మగ్గం కొయ్య మేకులు కొట్టావు. విప్పలేదు, పగలగొట్టావు. రెండు పొడుగు కొయ్యలు లాక్కుపోయి గోడకు ఆనించావు."

ఊపిరి తీసుకుంది.

"గోడ నిలబడింది. పిల్లాడు దక్కాడు. కాదనను. అడిగినవాళ్ళందరికీ మా ఆయనే ఇల్లు నిలబెట్టాడని చెప్పాను. గర్వంగానే చెప్పాను. కానీ నేను ఆ గుమ్మంలోనే ఉన్నానయ్యా. మగ్గం కావాలి అని ఒక్క మాట. అడిగుంటే నేనే విప్పి ఇచ్చేదాన్ని. ఏ మేకు ముందు తియ్యాలో మా అమ్మ నాకు నేర్పింది. నీకంటే తొందరగా వచ్చేది. పగలకుండా వచ్చేది."

గోడ అవతల దగ్గు లేదు.

"నీళ్ళు తీశాక ఆ కొయ్యలను అలాగే గోడలో ఉంచి మట్టి మెత్తావు. మేకుల రంధ్రాలు బయటికే ఉన్నాయి. వాటిలో చీలలు దిగ్గొట్టి వెల్లుల్లి కట్టలు వేలాడదీశావు. ముప్పై ఒక్క ఏళ్ళుగా పులుసులోకి వెల్లుల్లి కావాలంటే మా అమ్మ మగ్గం మీంచి తెంపుకొస్తున్నాను."

నాడెను బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"పొయ్యి సంగతి కాదు ఇది," అంది. అప్పుడు నాడె చేతిలో లేదు. టీచరు ఆపలేదు.

"బాబాయ్ గారూ, మీరు తీసుకోండి."

తీసుకున్నాను. అరచేతిలో చల్లగా ఉంది.

"గోడ పడిపోయేది," అన్నాను.

"అది జవాబండీ. విన్నది చెప్పండి."

"రెండేళ్ళకు ఇంకో మగ్గం తెచ్చి పెట్టాను."

నిజమే, తెచ్చాను. నది అవతల భర్త పోయినావిడ అమ్ముతుంటే కొని, మోసుకొచ్చి గుడిసెలో నిలబెట్టాను. అప్పుడూ ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. సరిపోయిందనుకున్నాను.

"అదీ జవాబేనండీ," అంది టీచరు నెమ్మదిగా. "ఆవిడ ఏమన్నారు?"

మ్యోంగ్ జు వంటింటి గడపలో నిలబడి ఉంది. దాని పెదాలు కదులుతున్నాయి, నాకు అందిస్తున్నట్టు.

"మగ్గం పోయిందని బాధపడింది."

"నేనలా అనలేదు," అంది మా ఆవిడ.

లేచింది. మోకాలు పట్టేసింది, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. సాయం పట్టబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చూశారుగా టీచరుగారూ. చెవులు రెండూ బాగానే ఉన్నాయి. లోపలికి దారి లేదు. రేపు బండి పంపించండి."

నేను నాడె అక్కడ పెట్టి మిరప తోటకు వెళ్ళిపోయాను. ఊరు పొగరనుకుంది. పొగరు కాదు. తిరిగి చెప్పాలంటే ఆమె ఆ గుమ్మంలో ఉందన్న మాట నా నోటితో అనాలి. అది నోటిదాకా రాలేదు.

*

తోటలో పండిన కాయలు ఏరుతుంటే నోల్మే ఆవిడ మొగుడు పవర్ టిల్లర్ ఆపాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఇంజను కట్టేయకుండానే అరిచాడు.

"అన్నా! వదిన ఆ రోజు గుమ్మంలోనే ఉందటగా?"

నేను తలెత్తలేదు.

"అడిగుంటే తనే విప్పి ఇచ్చేదటగా! మా ఆవిడ గోడ దగ్గర కూర్చుని ఏడ్చింది తెలుసా. వచ్చి నన్ను తిట్టింది. నేనేం చేశానన్నా? మీ ఇంటి మగ్గానికి నాకు తిట్లేంటి?"

నవ్వి వెళ్ళిపోయాడు. నేను అనలేకపోయిన మాట అంత తేలిగ్గా అనేశాడు. ఇంజను చప్పుడులో, అరుస్తూ. అప్పటికి ఊళ్ళో సగం మంది అని ఉంటారు ఆ మాట. ఒక్కడే అనలేదు.

పొద్దు గుంకేటప్పటికి ఇంటికొచ్చి వెనక గోడ దగ్గరకు వెళ్ళాను. కొయ్యలు రెండూ గోడలో నిలువుగా ఉన్నాయి. మట్టి రాలినచోట కట్టె నల్లగా కనబడుతోంది. వెల్లుల్లి కట్టలు పక్కకు జరిపి చూశాను. ఒక రంధ్రం అంచు చీలి ఉంది, నా గొడ్డలి దెబ్బకు. దానికి జానెడు పైన కట్టె నున్నగా ఉంది. నేసేవాళ్ళు లేవడానికి చెయ్యి ఆనించే చోటు. మా అత్తగారి చెయ్యి పట్టేంత చోటు. నా చెయ్యి దానికి పెద్దదయింది.

గడ్డపార తెచ్చాను. రెండు పోట్లు వేస్తే మట్టి ఊడుతుంది. కొయ్యలు తీసి, కడిగి, రేపు బండి వచ్చేసరికి వాకిట్లో పెట్టాలనుకున్నాను. చూడగానే ఆమెకే అర్థమవుతుందనుకున్నాను.

గడ్డపార ఎత్తాక ఆగాను. మళ్ళీ అదే పని చేస్తున్నాను. ఆమె ఇరవై అడుగుల దూరంలో గుడిసెలో ఉంది. గోడ నాది అనుకుని, కొయ్య ఆమెదని తెలిసీ, అడగకుండానే.

గడ్డపారను తెచ్చినచోట పెట్టేశాను.

మ్యోంగ్ జు వెనక నిలబడి ఉంది. ఎప్పటి నుంచో తెలియదు.

"వెల్లుల్లి కావాలా మావయ్యా?"

"వద్దు."

"అత్తయ్య సంచి సర్దుకున్నారు." ఇంకేదో ఉంది, చెప్పాలా వద్దా అని చూసింది. "చలికాలం కోటు కూడా పెట్టుకున్నారు."

బట్ట నెలలో మగ్గం దిగుతుంది. అప్పటికి మొదటి మంచు కూడా పడదు. ఆ కోటు పెద్ద చలిలో వేసుకునేది.

"చూశావా?"

"నేనే మడతపెట్టి ఇచ్చాను," అంది. అని ఏడ్చింది.

*

మర్నాడు పొద్దున్నే బండి వచ్చింది. వెనక్కి నడుపుకుంటూ పెరట్లోకి తెచ్చి, ఇంజను ఆపకుండా నిలబెట్టారు. నోల్మే ఆవిడా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ దిగారు. నన్ను చూసి మాట ఆపేశారు. నోల్మే ఆవిడ కూడా పొయ్యి ఊసు ఎత్తలేదు.

మా ఆవిడ అప్పటికే పడుగును మగ్గం దోనె కొయ్యకు చుట్టి తడి బట్ట కప్పి పెట్టింది. దాన్ని ముందు ఎత్తారు. నలుగురూ చంటిబిడ్డను మోసినట్టు మోశారు. తర్వాత చాప, దుప్పటి. సంచిని ఆమే తీసుకెళ్ళి ముందు సీట్లో పెట్టి వచ్చింది. వస్తూ చెక్క సుత్తి తెచ్చుకుంది.

గుడిసెలో మగ్గం ఒక్కటే మిగిలింది, నాలుగు మేకుల మీద నిలబడి. ఆమె మూడు మెట్లు దిగి దాని పక్కకు వెళ్ళింది.

నేను పెరడు దాటి గుడిసె దాకా నడిచాను. ఆడవాళ్ళు తప్పుకున్నారు. ఆపడానికి వచ్చాననుకున్నారేమో, నోల్మే ఆవిడ "బావా," అని ఒక అడుగు ముందుకు వేసింది.

మెట్లు దిగలేదు. గుమ్మంలో ఆగాను.

"లోపలికి రానా?"

"నీ ఇల్లేగా," అంది, మగ్గాన్నే చూస్తూ.

కదల్లేదు. ఆమె అది గమనించి తల తిప్పింది.

"ఆ రోజు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు," అన్నాను. "నేను నిన్ను రాసుకుంటూ పోయాను. అడిగుంటే ఇచ్చేదానివి."

మ్యోంగ్ జు చేతిలో ఏదో గిన్నె ఉంది, దాన్ని నేల మీద పెట్టిన చప్పుడు అయింది.

"ముందు ఏ మేకు తియ్యాలి?" అని అడిగాను.

మా ఆవిడ నా ముఖం చూసింది. తర్వాత మేకులు చూసింది. సుత్తి మీది చెయ్యి తియ్యలేదు, నాకు ఇవ్వనూ లేదు. బయట బండి ఇంజను తిరుగుతూనే ఉంది. ముందు సీట్లో ఆమె సంచి, సంచిలో ఆ కోటు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.